దాచిపెట్టినవాళ్ల మీద కూడా కేసు పెట్టించడం ఎలా

పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలియగానే కోపమంతా చేసినవాడి మీదికే పోతుంది. వాణ్ని అరెస్టు చేశారా, రిమాండ్‌కి పంపారా అనే అడుగుతాం. వాడి సంగతి ముందే తెలిసి నోరు మెదపని ప్రిన్సిపల్, "పిల్ల భవిష్యత్తు పాడవుతుంది" అంటూ ఇంటికొచ్చి రాజీ కుదర్చబోయిన పెద్దమనిషి, కాగితం తీసుకోకుండా తిప్పి పంపిన స్టేషన్... వీళ్ల ఊసు నెల తర్వాత గానీ రాదు. అప్పటికి సీసీ కెమెరాలో పాత రికార్డింగ్ చెరిగిపోయి ఉంటుంది. స్కూల్లో ఆయా ఉద్యోగం మానేసి ఉంటుంది. ప్రిన్సిపల్ గారు "నాకు తెలియనే తెలియదు" అనే మాట వంటబట్టించుకుని ఉంటారు.

అందుకే వీళ్ల పని కూడా మొదటి ఫిర్యాదులోనే మొదలుకావాలి. కిందిదంతా పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కేసుల గురించి, అంటే పోక్సో చట్టం గురించి. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకటే.

ముందు పిల్ల, తర్వాతే కాగితాలు

పాప గానీ బాబు గానీ చెప్పింది ఒక్కసారి, అడ్డు తగలకుండా వినండి. చెప్పిన మాటలు చెప్పినట్టే, వాళ్ల భాషలోనే ఒక నోటుబుక్కులో రాసి, తేదీ, టైమ్ వేయండి. అత్తకోసారి, బాబాయికోసారి చెప్పించకండి. ఫోన్లో వీడియో తీస్తూ "మళ్లీ చెప్పు నాన్నా" అనకండి. రేపు కోర్టులో ఎదుటి లాయరు "మీరే నేర్పించారు" అనడానికి ఆ వీడియోనే పట్టుకుంటాడు.

రాసేటప్పుడు ఒక్క సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. "టీచర్‌కి చెప్పాను, ఎవరికీ చెప్పొద్దంది" లాంటి మాట పిల్ల నోట వస్తే దాన్ని వేరే లైనులో రాయండి. ఆ టీచర్‌కి విషయం ఎప్పుడు తెలిసిందో చెప్పే మొదటి సాక్ష్యం అదే.

ఆసుపత్రికి వెళ్లడానికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా వెంటనే, ఉచితంగా చికిత్స చేసి, పోలీసులకు తెలియజేయాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 397 చెప్పేది ఇదే. "మెడికో లీగల్ కేసండీ, మేం ముట్టుకోం" అని పంపించేస్తే, ఆ మాట అన్నది ఎవరో, ఏ టైముకో రాసుకోండి. అలా పంపించిన ఆసుపత్రి బాధ్యులకు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 200 కింద ఏడాది దాకా శిక్ష ఉంది. బట్టలు ఉతక్కుండా, ప్లాస్టిక్ కవరులో కాక కాగితం సంచిలో ఉంచండి.

ఎవరు ఏ లెక్కలోకి వస్తారో తేల్చుకోండి

"స్కూలు వాళ్లందరి మీదా కేసు పెట్టాలి" అంటే ఎవరి మీదా పడదు. ఒక కాగితం తీసుకుని, ఒక్కొక్కరి పేరు ఎదురుగా వాళ్లు ఏం చేశారో రాయండి.

విషయం తెలిసి ఊరుకున్నవాళ్లు మొదటి రకం. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన, లేదా జరగబోతోందన్న భయం కలిగిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. టీచరు, డాక్టరు, వార్డెన్, పక్కింటివాళ్లు, సొంత మేనమామ, ఎవరికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా అదనం. ఇవి పెద్ద శిక్షలు కావు, ఆ సంగతి ముందే తెలిసుండటం మంచిది. అయినా క్రిమినల్ కేసులో ముద్దాయిగా పేరు ఎక్కిన కరస్పాండెంట్‌కి ఆ ఏడాది అడ్మిషన్లు ఎలా ఉంటాయో ఆయనకు బాగా తెలుసు.

తోడ్పడినవాళ్లది రెండో రకం, వీళ్లకి పడే శిక్ష వేరు. గది తాళం ఇచ్చినవాడు, పిల్లను పంపించినవాడు, బయట కాపలా కాసినవాడు సెక్షన్ 16, 17 కిందికి వస్తారు. వీళ్లు సాయపడిన నేరం జరిగితే చేసినవాడికి ఏ శిక్షో వీళ్లకీ అదే. పైగా తీవ్రమైన నేరాల్లో, ప్రాథమిక విషయాలు రుజువయ్యాక, తాను సాయపడలేదని నిరూపించుకునే భారం నిందితుడి మీదికే మళ్లేలా సెక్షన్ 29 ఉంది. కాబట్టి "ఊరుకున్నాడు" కాదు, "వీలు కల్పించాడు" అనడానికి ఆధారం ఉంటే, దాన్ని సెక్షన్ 21తో సరిపెట్టనివ్వకండి.

ఇక నేరం జరిగాక రంగంలోకి దిగేవాళ్లు. సీసీ కెమెరా హార్డ్‌డిస్క్ మార్చినవాళ్లకు, రిజిస్టర్ పేజీలు చింపినవాళ్లకు న్యాయ సంహిత సెక్షన్ 238. సాక్ష్యం మార్చి చెప్పమని బెదిరించినవాళ్లకు 232. డబ్బు తీసుకుని నేరం మాఫీ చేయించేవాళ్లకు 250. ఈ చివరిది చాలామందికి తెలియదు: పంచాయితీలో ఐదు లక్షలకో పది లక్షలకో ఒప్పుకుని కేసు వదిలేస్తే, ఆ డబ్బు తీసుకున్న కుటుంబం కూడా ఇరుక్కునే ప్రమాదం ఉంది. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లు వర్తిస్తాయి. ఆ నంబర్ల కోసం మీరు తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు, జరిగింది సరిగ్గా రాస్తే సెక్షన్లు పోలీసులు వేయాలి.

ఇంట్లోనే జరిగి, తల్లి తెలిసీ చెప్పని కేసులుంటాయి. చట్టం ఆమెనూ వదలదు. కానీ నా అనుభవంలో, అదే మనిషి చేతిలో దెబ్బలు తింటూ, అతని సంపాదన మీద బతికే తల్లిని ముద్దాయిని చేయాలన్న తొందర పిల్లకే నష్టం చేస్తుంది. పిల్లకు మిగిలిన తోడు ఆమె ఒక్కతే కావచ్చు. ఆమె పరిస్థితి ఉన్నదున్నట్టు పోలీసులకు, శిశు సంక్షేమ కమిటీకి చెప్పండి, నిర్ణయం వాళ్లు తీసుకుంటారు. పరువు కోసం దాచిన మేనమామకూ ఆమెకూ ఒకే కొలత పెట్టకూడదు.

అసలు పేచీ అంతా "తెలుసా, తెలియదా" దగ్గరే

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ కేసులు నిలిచేదీ వీగిపోయేదీ ఇక్కడే.

2018లో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకటి విచారించింది. ఒక ఆసుపత్రిలో అమ్మాయికి కాన్పు అయింది, వయసు పద్దెనిమిది అని రాయించారు. తర్వాత ఆమె మైనరని తేలడంతో డాక్టర్ల మీదా కేసు పెట్టారు. సుప్రీంకోర్టు వాళ్లను కేసు నుంచి తప్పించింది. చట్టం అడిగేది వాళ్లకు తెలుసా లేదా అనే, వాళ్లు అనుమానించి ఆరా తీయాల్సింది అనడం చాలదని చెప్పింది.

2022 నవంబరు 2న అదే సుప్రీంకోర్టు ఇంకో డాక్టరు విషయంలో వేరేలా తేల్చింది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక స్కూలు హాస్టల్లో గిరిజన బాలికల మీద అఘాయిత్యాలు జరిగాయి. ఆ పిల్లలకు వైద్యం చేసే డాక్టరు మీద కేసును బాంబే హైకోర్టు కొట్టేసింది. ఆయనకు విషయం చెప్పామని పిల్లలు వాంగ్మూలాల్లో అన్నారు. వాటిని ముందే పక్కన పెట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమంది.

రెండు కేసుల్లోనూ డాక్టర్లే, చట్టమూ ఒకటే. రెండో కేసులో "ఆయనకు చెప్పాం" అన్న మాట రికార్డులో ఉంది.

మన హైదరాబాద్‌లో 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద ప్రిన్సిపల్ డ్రైవరు అఘాయిత్యం బయటపడింది. డ్రైవర్‌తో పాటు ప్రిన్సిపల్‌నీ అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్లో తీర్పు వచ్చింది: డ్రైవర్‌కు 20 ఏళ్లు, ప్రిన్సిపల్ నిర్దోషి. రోడ్డు మీద ధర్నా చేస్తే అరెస్టు దాకా వస్తుంది. శిక్ష పడాలంటే ఎవరికి, ఏ రోజున, ఎవరి ద్వారా తెలిసిందో కాగితం మీద ఉండాలి.

ఫిర్యాదు రాసే పద్ధతి

చాలా ఫిర్యాదుల చివర ఇలాంటి వాక్యం ఉంటుంది: "స్కూలు యాజమాన్యం నిర్లక్ష్యం వల్లనే మా పాపకు ఇలా జరిగినది. కావున వారిపై కఠిన చర్యలు తీసుకోగలరు." నిర్లక్ష్యం అన్న మాట పోక్సో సెక్షన్ 21లో లేదు. ఆ వాక్యంతో యాజమాన్యానికి ఏమీ కాదు.

దాని బదులు ఇలా రాయండి:

"3వ తేదీ సాయంత్రం నాలుగున్నరకు నేను, నా భార్య ప్రిన్సిపల్ గదికి వెళ్లి, బస్సు క్లీనర్ మా పాపను తాకరాని చోట తాకుతున్నాడని చెప్పాము. క్లాస్ టీచర్ అక్కడే నిలబడి ఉన్నారు. 'మేం చూసుకుంటాం, మీరు బయట అనకండి' అని ప్రిన్సిపల్ అన్నారు. మరునాడు ఉదయం కూడా అదే క్లీనర్ అదే బస్సులో వచ్చాడు. మేము ఫోన్ చేసి అడగగా పోలీసులకు చెప్పలేదని ప్రిన్సిపల్ ఒప్పుకున్నారు. ఆమె సమాచారం ఇవ్వకపోవడం పోక్సో సెక్షన్ 19కి విరుద్ధం. సెక్షన్ 21 కింద ఆమె మీద కూడా కేసు నమోదు చేయగలరు."

ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. తేదీ, టైమ్, గది, అక్కడున్న మూడో మనిషి, అన్న మాట, ఆ తర్వాత చేయని పని ఉన్నాయి. క్లాస్ టీచర్ రేపు సాక్షి అవుతుందా, ముద్దాయి అవుతుందా అన్నది ఆమె ఇష్టం.

మీకు తెలిసిన రోజునే పోలీసుల దగ్గరికి వెళ్లండి. స్కూలు ఏం చేస్తుందో చూద్దామని వారం ఆగితే, చెప్పాల్సిన బాధ్యత మీకూ ఉందన్న సంగతి ఎదుటివాళ్లు గుర్తుచేస్తారు. స్కూలుకు రాయాల్సింది రాయండి, కానీ అది స్టేషన్‌కు బదులు కాదు. అదే రోజు ఈమెయిల్ గానీ వాట్సాప్ గానీ పెట్టండి: ఫలానా టైముకు మీకు చెప్పాం, సీసీ కెమెరా రికార్డింగ్, బస్సు అటెండెన్స్, విజిటర్స్ రిజిస్టర్ చెరిపేయకుండా ఉంచండి అని. తర్వాత అవి పోతే, అడిగాక పోయినట్టు ఆధారం ఉంటుంది. ఫోన్ ఫార్మాట్ చేయకండి, చాట్లు డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అసలు ఫోనే కావాల్సి రావచ్చు.

స్కూలు వాళ్లు "వాడు మా ఉద్యోగి కాదండీ, ఏజెన్సీ మనిషి" అంటారు. అన్నా పర్వాలేదు. సంస్థ అధిపతికి వేసే ఏడాది శిక్ష మీద వాదన పెట్టుకోవచ్చు గానీ, తెలిసినవారెవరైనా చెప్పాలన్న సెక్షన్ 19 మాత్రం అప్పటికీ వర్తిస్తుంది.

స్టేషన్‌లో

సంఘటన జరిగిన ఏరియా వేరైనా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి బదిలీ చేస్తారు. పిల్లను స్టేషన్‌కు తీసుకురమ్మంటే ఒప్పుకోకండి. వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్లకు ఇష్టమైన చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్‌ఐ, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి.

రైటర్ దగ్గర వినపడే మాట ఒకటుంది: "మెయిన్ వాడి మీద గట్టిగా రాద్దాం అమ్మా. ప్రిన్సిపల్ గారి పేరు దేనికి, కేసు వీక్ అవుద్ది." వాదించకండి. "ఉంచండి సార్, ఆమె తప్పుందో లేదో దర్యాప్తులో తేలుతుంది" అనండి. కేసు వీకవడం అబద్ధం. పైగా ఆమె పేరు ఈ ఎఫ్‌ఐఆర్‌లోనే ఉండటానికి గట్టి కారణం ఉంది. సెక్షన్ 21 నేరం ఒక్కదాన్నే విడిగా తీసుకుంటే శిక్ష చిన్నది కాబట్టి మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పెద్ద నేరంతో కలిపి ఉంటే ఆ అడ్డు లేదు. ఏడాది దాకా శిక్ష ఉన్న నేరాలకు ఏడాది కాలపరిమితి కూడా ఉంది, విడిగా తర్వాత పెడదాంలే అనుకుంటే దాని మీదే వాదులాడుకోవాల్సి వస్తుంది.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, తీసుకునే బయటికి రండి. అందులో మీరు రాసిన పేర్లన్నీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి.

ఫిర్యాదు తీసుకోం అంటే? కారణం అడగండి, ఎవరన్నారో రాసుకోండి. ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి లాంటివి జరిగేచోట అక్కడా ఒక కాపీ ఇచ్చి స్టాంపు వేయించుకోండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి, లేదా నేరుగా పోక్సో ప్రత్యేక కోర్టుకు వెళ్లొచ్చు. రేప్ లాంటి నేరాల ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి న్యాయ సంహిత సెక్షన్ 199 కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన జైలు. పోక్సో సెక్షన్ 21 కూడా పోలీసులకు వర్తిస్తుంది. దాచినవాళ్ల జాబితాలో ఆయన పేరు కూడా చేరుతుంది, అంతే.

మహారాష్ట్ర బద్లాపూర్‌లో 2024 ఆగస్టులో, స్కూల్లో లైంగిక దాడికి గురైన ఇద్దరు నాలుగేళ్ల పాపల తల్లిదండ్రుల్ని గంటల తరబడి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. జనం రైలు పట్టాల మీదికి వచ్చాక పోలీసు అధికారులు సస్పెండయ్యారు. బాంబే హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. నిందితుడు సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అంతటితో అయిపోలేదు: నేరం గురించి చెప్పని స్కూలు ట్రస్టీల మీద పోక్సో కేసు నడిచింది, ముందస్తు బెయిలును హైకోర్టు నిరాకరించాక అక్టోబరులో అరెస్టయ్యారు. చేసినవాడు లేకపోయినా దాచినవాళ్ల కేసు దాని కాళ్ల మీద అది నిలబడుతుంది.

లోపలి మనిషి మీరే అయితే

ఆ స్కూల్లో టీచరో, హాస్టల్లో వంటమనిషో మీరే కావచ్చు. మేనేజ్‌మెంట్‌కు చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. చట్టం చెప్పమన్నది పోలీసులకు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసు అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి వీల్లేదని సెక్షన్ 19లోనే ఉంది. చెప్పిన తేదీ, మాట్లాడినవారి పేరు రాసుకోండి. రేపు మేనేజ్‌మెంట్ మీ మీదికి నెట్టాలని చూస్తే ఆ ఒక్క లైనే మిమ్మల్ని కాపాడుతుంది.

రాజీకి వచ్చినవాళ్లతో

వస్తారు. ముందు బంధువు, తర్వాత కులపెద్ద, ఆ తర్వాత లాయరు. టెన్షన్ పడి మాట తూలకండి. "కోర్టు చూసుకుంటుంది" అని పంపేసి, వచ్చింది ఎవరో, ఎంత ఇస్తామన్నారో రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. రాజీ పడ్డామన్న కాగితంతో కేసు పోదు కూడా. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద కేసును రాజీ పేరుతో హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ నిలబెట్టింది.

కోపంలో మీరు చేయకూడనిదీ ఒకటుంది. ప్రిన్సిపల్ ఫొటోతో, స్కూలు పేరుతో, పిల్ల వివరాలతో వాట్సాప్ గ్రూపుల్లో పోస్టులు పెట్టకండి. పిల్ల ఎవరో తెలిసిపోయేలా స్కూలు, వీధి పేరు బయటపెట్టడమూ నేరమే, తండ్రి పెట్టినా సరే.

ఆ తర్వాత వెంటపడాల్సినవి

ఇలాంటి కేసుల్లో దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలి. ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, నంబరు 15100. మధ్యంతర పరిహారం అడగండి, తీర్పు దాకా ఆగక్కర్లేదు. కేసు నడిచినంత కాలం పిల్లకు తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్ కోసం శిశు సంక్షేమ కమిటీని అడగండి. హైదరాబాద్‌లో అయితే, ఆడవాళ్లకూ పిల్లలకూ సాయపడే పోలీసుల భరోసా సెంటర్లో చాలా పనులు ఒకేచోట అవుతాయి. స్కూలు గుర్తింపు సంగతి జిల్లా విద్యాశాఖ అధికారికి (డీఈవో) విడిగా రాయాలి, పోలీసులు దాని జోలికి పోరు.

ఛార్జిషీటు వచ్చినరోజు మొదట చూడాల్సింది ముద్దాయిల పట్టిక. చేసినవాడి పేరుండి, దాచినవాళ్ల పేర్లు "ఆధారాలు లేవు" అంటూ మాయమవడం మామూలే. అప్పుడు కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్, అంటే ఛార్జిషీటు మీద అభ్యంతరం, వేయొచ్చు, మీ వాదన వినమని అడిగే హక్కు ఫిర్యాదుదారుగా మీకుంది. అదీ దాటిపోతే, విచారణలో సాక్ష్యం వచ్చిన తర్వాత కొత్తగా ముద్దాయిని చేర్చే అధికారం నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 358 కింద కోర్టుకు ఉంది. మీ సాక్ష్యం రోజున పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ముందే కలిసి, ప్రిన్సిపల్ గదిలో జరిగిన ఆ సంభాషణ గురించి మిమ్మల్ని ప్రశ్న అడగమని చెప్పండి. అడక్కపోతే అది రికార్డులోకి ఎక్కదు, ఎక్కకపోతే సెక్షన్ 358 అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.